పాతపేట బడి గోడకు సున్నం ప్లాస్టరు: పిల్లల చేత ప్రాక్టికల్‌గా చేయించాలంటే

ప్రశ్న: పాతపేటలో ప్రభుత్వ వృత్తివిద్యా హైస్కూలు. వందేళ్లు దాటిన ఇటుక, సున్నం కట్టడం. వర్క్‌షాపు గోడకు కింది మీటరు మేర ఎప్పుడో కొట్టిన సిమెంటు ప్లాస్టరు పెచ్చులూడుతోంది. తాపీపని విద్యార్థుల చేత మళ్లీ సిమెంటే కొట్టించవచ్చా? సున్నమైతే ఎలా?

సమాధానం: సిమెంటు వద్దు. పాత మెత్తటి ఇటుక నేలలోంచి పీల్చిన చెమ్మ గోడ ముఖంలోంచే ఆరిపోవాలి. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. చెమ్మతో వచ్చిన ఉప్పు ప్లాస్టరు వెనకే పలుకులు కట్టి, ఇటుక పైపొరతో సహా పెచ్చును బయటికి నెడుతుంది. ఊడిన పెచ్చును తిరగేసి చూడండి. ఎర్రటి ఇటుక పొడి, తెల్లటి ఉప్పు అంటుకుని ఉంటే సంగతి ఇదే. మొదటి పాఠంగా ఆ పెచ్చునే పిల్లల చేతికివ్వండి.

తాపీ పట్టేముందు నీళ్లు ఎటునుంచి వస్తున్నాయో తేల్చుకోవాలి. పాత వీధుల్లో రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోవడంతో బయటి నేల లోపలి గచ్చును మించిపోతుంది. నిజానికది గచ్చుకు కనీసం 150 మి.మీ. దిగువన ఉండాలి. వాన గొట్టం పగిలి గోడ మీదికే కారుతోందేమో కూడా చూడండి. ఇవి సరిచేయకుండా ఏ ప్లాస్టరు కొట్టినా మళ్లీ ఊడేదే. కట్టడం రక్షిత జాబితాలో ఉంటే ముందు అనుమతి తీసుకోండి. పాత రంగులో సీసం ఉండొచ్చు కాబట్టి పిల్లల చేత పొడిగా గీకించకండి.

సున్నం రెండు రకాలు తెప్పించండి. పిల్లలు కొట్టి నేర్చుకునే నమూనా పలకలకు మాగిన తడి సున్నపు ముద్ద. ఇది గాలిలోని కార్బన్ డయాక్సైడుతో గట్టిపడుతుంది కాబట్టి సరిగా రాని పలకను అదే పూట గీకేసి, మళ్లీ పిసికి వాడుకోవచ్చు. మిగిలింది బకెట్‌లో మూతపెడితే మర్నాటికీ పనికొస్తుంది. రెండు గంటల పీరియడ్లకు ఇంతకన్నా అనువైన సరుకు లేదు. చెమ్మ గోడకు మాత్రం ఇది చాలదు, తడి ఆరని చోట గట్టిపడదు. అక్కడ ఎన్‌హెచ్‌ఎల్ (నేచురల్ హైడ్రాలిక్ లైమ్) అనే సున్నపు పొడి, 2 రకం గానీ 3.5 రకం గానీ వాడాలి (ఆ అంకె 28 రోజులకు ఉండాల్సిన కనీస బలం, మెగాపాస్కళ్లలో). ఇది నీటితోనే బిగుసుకుంటుంది. కలిపిన రోజే అయిపోవాలి. కాల్చిన సున్నపురాయిని బడిలో తడపనివ్వకండి. నీళ్లు మరిగి ముఖం మీదికి చిమ్ముతాయి.

పాళ్లు చెప్పేకంటే కొలిపించండి. గాజు సీసాలో పూర్తిగా ఆరిన ఇసుక ఒక లీటరు పోసి, అది మునిగేదాకా కొలపాత్రతో నీళ్లు పోయమనండి. మంచి ఇసుకైతే సుమారు 330 మి.లీ. పడతాయి. ఇసుక రేణువుల మధ్య అంత ఖాళీ ఉందన్నమాట. ఆ ఖాళీలను నింపాల్సింది సున్నం. ఒక వంతు సున్నానికి మూడు వంతుల ఇసుక, అంటే 1:3 పాలు వచ్చింది అక్కడి నుంచే. ఇసుక నలిపితే గరగరలాడాలి, సన్నం, ముతక కలిసి ఉండాలి. అంతా సన్న ఇసుకే అయితే సున్నం ఎక్కువ తాగి, ఆరేటప్పుడు బీటలిస్తుంది. సున్నం ఖాళీల్లోకే పోతుంది కనుక మాలు (సున్నం, ఇసుక కలిపిన మిశ్రమం) పరిమాణం పెద్దగా పెరగదు. 10 చదరపు మీటర్లకు 10 మి.మీ. పొర అంటే 100 లీటర్లు. వృథాతో కలిపి 120 లీటర్ల ఇసుక, 40 లీటర్ల ముద్ద పెట్టుకోండి. ఎన్‌హెచ్‌ఎల్ పొడికి 1:2.5 సరిపోతుంది.

గోడను ముందురోజు ఒకసారి, కొట్టేముందు ఒకసారి తడపాలి. నీళ్లు కారుతూ ఉండకూడదు. పొర 10 మి.మీ. దాటనివ్వకండి. మొదటి పొర మీద అడ్డదిడ్డంగా గీతలు గీయించండి, రెండోది పట్టుకునేది వాటినే. పని సోమవారం మొదలుపెట్టండి. శుక్రవారం కొట్టి తాళం వేసుకుపోతే సోమవారానికి గోడంతా సాలెగూడు బీటలే. తడి గోనెపట్టా కట్టి, వారం పాటు సన్నగా నీళ్లు చల్లే బాధ్యతను జట్లవారీగా పంచండి. మర్నాడు పొద్దున గోరు నొక్కితే అచ్చు పడి వేలు దిగని స్థితిలో సన్న బీటలుంటే, చెక్కతో గట్టిగా రుద్దితే మూసుకుంటాయి. ఆ గడియ దాటితే రుద్దినా లాభం లేదు. రెండో పొరకు వారం, పది రోజులు ఆగండి.

నెల తర్వాత ముద్దతో చేసిన పలక మూల చిదిపి, విరిగిన ముఖం మీద ఫినాల్ఫ్తలీన్ (క్షారం తగిలితే గులాబీ రంగుకు మారే ద్రావణం) చుక్క వేయమనండి. గులాబీ రంగు వచ్చిన భాగం ఇంకా పచ్చి సున్నం, రంగు రాని అంచు గట్టిపడింది. ఆ అంచు సుమారు ఒక మి.మీ. ఉంటుంది. కెమిస్ట్రీ మాస్టారినీ పిలవండి.

సున్నం పీహెచ్ 12 పైనే, అంటే చర్మాన్నీ కళ్లనూ కాల్చేంత ఘాటు క్షారం. కళ్లద్దాలు, చేతి తొడుగులు లేనివారికి తాపీ ఇవ్వకండి. కంట్లో పడితే రుద్దకుండా 20 నిమిషాలు ధారగా నీళ్లతో కడిగి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. చివర్లో ఎమల్షన్ రంగు వేస్తే మళ్లీ దారి మూసినట్టే. పల్చటి సున్నం మూడు నాలుగు పూతలు కొట్టించండి.