చనిపోయారా, చంపారా, చంపించారా, చంపనిచ్చారా?

సందేహం: మిర్యాలగూడ దగ్గరి ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్తాను. పొద్దున ప్రార్థన అయ్యాక పిల్లలతో వార్తలు చదివిస్తుంటాను. గాజా వార్త ఒకటి ‘దాడిలో 20 మంది మృతి’ అని చదివితే, ఎనిమిదో తరగతి అమ్మాయి ‘వాళ్లు సచ్చిపోయిన్రా టీచర్, సంపిన్రా?’ అని అడిగింది. ‘చంపబడ్డారు’ అని దిద్దుదామంటే అది తెలుగు వాక్యం కాదని మీలాంటి పెద్దలే అంటారు. చంపింది ఎవరో తెలియనప్పుడు ఏం రాయాలి? అంతర్జాతీయ న్యాయస్థానం, అంతర్జాతీయ నేర న్యాయస్థానం ఒకటేనా? పత్రికల్లో రెండూ కలిపేస్తున్నారు. ‘బాధ్యత’ ఉండగా ‘జవాబుదారీతనం’ అనే పొడుగు మాట ఎందుకు? చివరగా, యుద్ధ నేరస్థుడా, నేరస్తుడా?

సమాధానం: అమ్మా, ఆ పిల్ల అడిగింది అచ్చమైన వ్యాకరణ ప్రశ్న. న్యాయశాస్త్రం ప్రశ్న కూడా అదే. అందుకే మొదటిదానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

తెలుగు క్రియల్లో జంటలున్నాయి. కూలు, కూల్చు. కాలు, కాల్చు. మునుగు, ముంచు. చచ్చు, చంపు. జంటలో మొదటిది అకర్మకం, దానంతట అది జరిగేది. రెండోది సకర్మకం, ఎవరో ఒకరు చేస్తేనే జరిగేది. ఈ తేడా మన జిల్లాల వాళ్లకు పుస్తకంలో చదివి తెలుసుకోవలసింది కాదు. కొల్లాపూర్, అలంపూర్ దిక్కు శ్రీశైలం జలాశయం కింద ఊళ్లు పోయినవాళ్లను కదిలించండి. ‘మా ఊరు మునిగింది’ అనేవాళ్లున్నారు, ‘మా ఊరు ముంచిన్రు’ అనేవాళ్లున్నారు. ఊరు అదే, నీళ్లు అవే. మునిగింది అన్నప్పుడు మాట కృష్ణమ్మ దగ్గర ఆగిపోతుంది. ముంచిన్రు అన్నప్పుడు ఆనకట్ట కట్టినవాళ్లు, నష్టపరిహారం లెక్క రాసినవాళ్లు, ఇళ్లు ఖాళీ చేయించినవాళ్లు వాక్యంలోకి వస్తారు.

ఇప్పుడు యుద్ధ వార్త చూడండి. ‘వైమానిక దాడిలో కుప్పకూలిన భవనం, 20 మంది మృతి.’ భవనం తనంతట తాను కూలింది. ‘మృతి’ నామవాచకం, దానికి కర్తే అక్కర్లేదు. శీర్షికలో చోటు తక్కువ, ‘మృతి’ రెండక్షరాల్లో సరిపోతుంది, అది నాకు తెలుసు. లోపలి వార్తలోనూ ఇదే వరస సాగడమే నా అభ్యంతరం. ప్రాణాలు కోల్పోయారు, మృత్యువాత పడ్డారు, అసువులు బాశారు అంటారు. కోల్పోయింది ఎవరు? వాళ్లే. పడింది వాళ్లే, బాసిందీ వాళ్లే. ఈ వాక్యాలన్నిటిలో చచ్చినవాళ్లే కర్తలు. బాంబు వేసినవాడికి వాక్యంలో చోటే లేదు.

‘హతులు’ అన్న మాట ఈ లోటు తీర్చగలదు. ‘హన్’ ధాతువులో చంపడం ఉంది కాబట్టి హతుడంటే చంపబడినవాడనే అర్థం. అయితే మన పత్రికలు దాన్ని ‘ఉగ్రవాదులు హతం’, ‘మావోయిస్టులు హతం’ అనే చోట్లకే పరిమితం చేశాయి. మామూలు మనుషులు మృతులు, శత్రువులు హతులు అని ఒక అలవాటు ఏర్పడింది. చంపడం న్యాయమే అనిపించిన చోటనే చంపారని ఒప్పుకుంటున్నాం అన్నమాట. నల్లమల అంచున అచ్చంపేట, అమ్రాబాద్ వైపు పెరిగిన వాళ్లకు ‘ఎదురుకాల్పులు’ అనే మాట కూడా బాగా ఎరుక. అవతలివాళ్లు కూడా కాల్చారు అనే సాక్ష్యం ఆ ‘ఎదురు’లోనే ఉంది. ఆ సాక్ష్యం విచారణలో తేలాలి. ఎన్‌కౌంటర్‌లో మనిషి చనిపోతే ఎఫ్ఐఆర్ నమోదు కావాలని, మెజిస్ట్రేటు విచారణ జరగాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. విచారణకు ముందే విలేకరి ‘ఎదురుకాల్పులు’ అని రాస్తే తీర్పు ఆయనే ఇచ్చేసినట్టు. ‘ఎదురుకాల్పులు జరిగాయని పోలీసులు చెప్పారు’ అని రాయాలి.

మరి చంపినవాళ్ల పేరు తెలియనప్పుడు? ఇందుకు ‘చంపబడ్డారు’లోని ‘బడు’ను పిలవాల్సిన పనిలేదు. మన ఊళ్లల్ల ఎట్ల మాట్లాడుతమో అందులోనే ఉంది జవాబు. ‘రాత్రి గొర్లను ఎత్తుకపోయిన్రు’ అంటాం. ఎవరో తెలియదు, పేరు చెప్పం, అయినా ‘రు’ ప్రత్యయం కర్త చోటును కాపాడుతుంది. కుర్చీ ఖాళీగా ఉంది గాని కుర్చీ ఉంది. ‘బడి మీద బాంబులేసి ఇరవైమందిని చంపారు’ అని రాయండి. వినగానే ‘ఎవరు?’ అని అడగబుద్ధి అవుతుంది. ‘ఇరవైమంది మృతి’ అంటే ‘అయ్యో’ అనిపిస్తుంది, అంతే.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. 2023 అక్టోబరు 17న గాజాలోని అల్ అహ్లీ ఆస్పత్రి ఆవరణలో పేలుడు జరిగింది. ఇజ్రాయెల్ దాడి అని పాలస్తీనా అధికారులు, పాలస్తీనా సాయుధ సంస్థ ఇస్లామిక్ జిహాద్ వాళ్ల రాకెట్ గురి తప్పి పడిందని ఇజ్రాయెల్ చెప్పుకున్నారు. అలాంటి చోట మొదటి రోజే చంపింది ఫలానావాళ్లు అని రాయడం తప్పు. ‘పేలుడులో చనిపోయారు, కారణం మీరంటే మీరని ఇద్దరూ అంటున్నారు’ అనడమే నిజం. క్రియ ఎంచుకునేటప్పుడు మన అభిమానం అడ్డం రాకూడదు. 2023 అక్టోబరు 7న హమాస్, దాని వెంట వచ్చిన సాయుధులు ఇజ్రాయెల్‌లో సుమారు 1,200 మందిని చంపారు, దాదాపు 250 మందిని పట్టుకుపోయారు. అక్కడ ‘చంపారు’ అని రాసిన కలం గాజా దగ్గరికి రాగానే ‘మృతి చెందారు’ అనకూడదు. అక్కడ మృతులు, ఇక్కడ హతులు అనీ రాయకూడదు.

‘అదృశ్యం’ సంగతి కూడా ఇంతే. అర్జెంటీనాలో 1976లో సైన్యం అధికారం పట్టుకుని వేలమంది యువతీ యువకులను ఎత్తుకుపోయింది. 1977 నుంచి తల్లులు తెల్లటి తలగుడ్డలు కట్టుకుని బ్యూనస్ ఐరిస్‌లోని ప్లాసా దె మాయో చౌకులో తిరుగుతూ మా బిడ్డలు ఏరని అడిగారు. 1979లో విలేకరులు అడిగితే సైనిక పాలకుడు విదెలా, అదృశ్యమైనవాడు చచ్చినవాడూ కాదు, బతికినవాడూ కాదు, లేడు అంతే అన్నాడు. అకర్మక క్రియ చాటున దాక్కోవడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ నాకు తెలియదు. కోర్టు ఆ మాట ఒప్పుకోలేదు. 1985లో అతనికి యావజ్జీవం పడింది, 1990లో క్షమాభిక్ష దొరికింది, తరువాత మళ్లీ విచారించారు, 2013లో జైల్లోనే పోయాడు. ఐక్యరాజ్యసమితి 2006లో దీనిమీద ఒప్పందం తెచ్చింది. భారతదేశం 2007లో సంతకం పెట్టింది గాని ఇంకా ధ్రువీకరించలేదు. మనవాళ్లు దాన్ని ‘బలవంతపు అదృశ్యం’ అని అనువదిస్తున్నారు. ‘మాయం చేయడం’ అంటే చాలు, పల్లెలో ముసలమ్మకు కూడా తెలుస్తుంది.

ఇక మీ విద్యార్థిని అడిగిన రెండు క్రియలకు తెలుగు ఇంకో రెంటిని కలుపుతుంది. చంపించు, చంపనిచ్చు. ఈ రెండూ నేర్పితే అంతర్జాతీయ నేర న్యాయంలో సగం నేర్పినట్టే. తుపాకి పేల్చినవాడు చంపాడు. పేల్చమన్నవాడు చంపించాడు. ఫిలిప్పీన్స్ మాజీ అధ్యక్షుడు దుతెర్తేను 2025 మార్చిలో మనీలాలో పట్టుకుని నెదర్లాండ్స్‌లోని హేగ్‌కు, అక్కడి అంతర్జాతీయ నేర న్యాయస్థానానికి పంపారు. మాదకద్రవ్యాల మీద యుద్ధం పేరుతో మనుషులను చంపించాడన్నదే అభియోగం. ఆయన స్వయంగా వీధిలో నిలబడి కాల్చాడా అన్నది అక్కడ ప్రశ్నే కాదు. ‘చంపనిచ్చాడు’ ఇంకా లోతైనది. కింది సైనికులు చేస్తున్నది తెలిసీ, తెలుసుకోవలసి ఉండీ, ఆపగలిగీ ఆపని అధికారిది కూడా నేరమే అని ఆ న్యాయస్థానాన్ని ఏర్పరచిన రోమ్ శాసనం 28వ అధికరణం చెప్తుంది. ఈ ఆలోచన పాతదే. 1945లో మనీలాలో జపాను సైనికులు చేసిన ఘోరాలకు వాళ్ల సేనాని జనరల్ యమషితాను ఉరితీశారు. ఆజ్ఞ ఇచ్చాడన్నది కాదు అభియోగం, సైన్యాన్ని అదుపు చేయలేదన్నది. సైన్యంతో ఆయనకు సంబంధాలే తెగిపోయి ఉన్నాయని, ఆ శిక్ష అన్యాయమని వాదించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ వాదంలో నిజం ఉందని నాకూ అనిపిస్తుంది. ఆపలేనివాణ్ని ‘చంపనిచ్చాడు’ అనలేం కదా. ‘ఇచ్చు’లో ఆపగల శక్తి ఇమిడి ఉంది.

ఇక్కడి నుంచి మీ రెండో ప్రశ్నకు. రెండూ హేగ్‌లోనే ఉన్నా రెండు న్యాయస్థానాలూ ఒకటి కావు. తేడా తెలుసుకోవడానికి క్రియ చివర చూస్తే చాలు. అంతర్జాతీయ న్యాయస్థానం ఐక్యరాజ్యసమితిలో భాగం, 1946 నుంచి పనిచేస్తోంది. అక్కడ వాది, ప్రతివాది రెండూ దేశాలే. దేశం అమహద్వాచకం, అంటే మగవాళ్లను చెప్పే మాట (మహత్తు) కాదు, కాబట్టి ‘చేసింది’ అంటాం. కులభూషణ్ జాదవ్ విషయంలో పాకిస్తాన్ మీద మనదేశం వెళ్లింది అక్కడికే, 2019లో తీర్పు వచ్చింది. జాతిహనన ఒప్పందం కింద ఇజ్రాయెల్ మీద దక్షిణాఫ్రికా 2023 డిసెంబరులో వేసిన దావా అక్కడిదే. అంతర్జాతీయ నేర న్యాయస్థానం వేరు. 1998లో రోమ్‌లో ఒప్పందం కుదిరి 2002లో మొదలైంది. దాని ముందు నిలబడేది మనిషి, ‘చేశాడు’ అని ఒక్కొక్కరి పేరుతో. ఉక్రెయిన్ పిల్లలను చట్టవిరుద్ధంగా తీసుకుపోయారని 2023 మార్చిలో పుతిన్ మీద, గాజా విషయంలో 2024 నవంబరులో నెతన్యాహు మీద, హమాస్ సైనిక నాయకుడు దెయిఫ్ మీద వారెంట్లు ఇచ్చింది ఈ న్యాయస్థానమే. అంతర్జాతీయ నేరాలు చేసేది మనుషులేగాని కంటికి కనబడని వ్యవస్థలు కావని, రెండో ప్రపంచయుద్ధం తరువాత నాజీ నాయకులను విచారించిన న్యూరెంబర్గ్ కోర్టు తీర్పు 1946లోనే అన్నది. మన వ్యాకరణంలో చెప్పాలంటే, అమహత్తు చాటున మహత్తు దాక్కోరాదు.

ఒకే ఘోరం రెండుచోట్ల ఎట్లా తేలుతుందో బోస్నియాలోని స్రెబ్రెనికాలో చూడవచ్చు. 1995 జూలైలో అక్కడ ఎనిమిది వేలమందికి పైగా బోస్నియా ముస్లిం మగవాళ్లను, మగపిల్లలను చంపారు. అంతర్జాతీయ న్యాయస్థానం 2007లో అది జాతిహననమే అన్నది. సెర్బియా దేశం ఆ పని చేసిందనలేదు, ఆపవలసిన కర్తవ్యం తప్పింది అన్నది. యుగోస్లావియా కోసం పెట్టిన ప్రత్యేక నేర ట్రిబ్యునల్ మాత్రం బోస్నియా సెర్బుల సైన్యాధిపతి మ్లాదిచ్‌కు 2017లో యావజ్జీవ శిక్ష వేసింది. దేశం ఆపలేదు, మనిషి చంపించాడు. ఈ రెండు వాక్యాలనూ ‘స్రెబ్రెనికాలో వేలమంది మృతి’ అని ఒక్కటిగా కుదిస్తే ఇన్నేళ్ల విచారణ ఏమైపోవాలి?

‘జవాబుదారీతనం’ మూడు భాషల ముడి. జవాబు అరబ్బీ, దారీ ఫారసీ, తనం మనది. ‘జవాబుదారీ’లోనే తనం అనే అర్థం ఉంది కాబట్టి తనం అదనమే, అయినా అలవాటైపోయింది, తీసేయనక్కర్లేదు. బాధ్యత దానికి సాటి రాదు. బాధ్యత, మనం జిమ్మేదారి అనేది, పనికి ముందు నెత్తిన పడుతుంది. జవాబుదారీ పని అయిపోయాక మొదలవుతుంది, అడిగేవాడు లేకపోతే అసలు ఉండదు. ‘బాధ్యత తీసుకుంటున్నాను’ అని నాయకుడు తనంతట తాను అనుకోవచ్చు. ‘జవాబుదారీ తీసుకుంటున్నాను’ అనలేడు, జవాబు ఎవరికో ఒకరికి చెప్పాలి. నేర న్యాయస్థానానికి సొంత పోలీసులు లేరు, సభ్యదేశాలే పట్టివ్వాలి. 2024 సెప్టెంబరులో పుతిన్ మంగోలియా వెళ్లారు. అది సభ్యదేశమే, పట్టుకునే బాధ్యత దానిది. స్వాగతం పలికి పంపించింది. ఆ రోజు బాధ్యత మంగోలియాది, జవాబుదారీ పుతిన్‌ది, రెండూ నెరవేరలేదు. ఒకే మాట వాడితే ఈ తేడా చెప్పలేం. అమెరికా, రష్యా, చైనా, ఇజ్రాయెల్, భారతదేశం ఈ న్యాయస్థానంలో సభ్యులు కావని కూడా పిల్లలకు చెప్పండి. పెద్ద దేశాలు అడిగేవాణ్ని ఒప్పుకోకపోతే చిన్నదేశాల నాయకులే బోనెక్కుతారన్న విమర్శ అక్కడి నుంచే వచ్చింది. అది ఉత్త విమర్శ కాదు.

సందర్భం వచ్చింది కాబట్టి ఒక మాట. మన కోర్టుల్లో ‘ముద్దాయి’ అంటే నేరారోపణ పడినవాడు. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు, ప్రతివాది ముద్దాఅలైహ్. నిజాం కాలపు ఉర్దూ కాగితాలు చదివేటప్పుడు తెలుగు అర్థం పట్టుకుపోతే అడిగినవాడే దోషిలా కనబడతాడు. నల్లగొండ, పాలమూరు భూమి తగాదాల పాత దస్తావేజులు చూసేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

చివరిది, నేరస్థుడు సరైన రూపం. గృహస్థుడు, తటస్థుడు లాగా ‘స్థ’. శాపగ్రస్తుడు, వ్యాధిగ్రస్తుడు అనే వాటిలోని ‘గ్రస్త’ వేరు, అందులో చిక్కినవాడని అర్థం. ఆ ‘స్తుడు’ ఇటు పాకి ‘నేరస్తుడు’ అయింది. మ్లాదిచ్ నేరస్థుడు, ఆయనమీద తీర్పు ఉంది. పుతిన్, నెతన్యాహుల మీద ఉన్నవి వారెంట్లు, దుతెర్తే మీద ఉన్నది అభియోగం. తీర్పు వచ్చేదాకా ముగ్గురినీ నిందితులనే రాయించండి.