పెదనాన్న దగ్గుకి కూడా కాపీరైటా?

ప్రశ్న: నా ఫోన్‌తో నేనే తీసిన వీడియోకి యూట్యూబ్‌లో కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది. సొంత వీడియోకి కూడా వస్తుందా? వదిలేయాలా, ఎదురు రాయాలా?

వస్తుంది. రాయండి. ఇవాళే రాయండి.

“పైసా రాని ఛానెల్, ఎందుకొచ్చిన గొడవ” అని నేనూ మూడు వారాలు ఊరుకున్నాను. తర్వాత తెలిసింది: నాకు పైసా రాదు గానీ, క్లెయిమ్ వేసినవాడు ఆ వీడియో మీద ప్రకటనలు వేయించుకుని, వచ్చింది జేబులో వేసుకోవచ్చట. మూడొందల మంది సబ్‌స్క్రైబర్లున్న ఛానెల్ మీద ఏమొస్తుంది, టీ ఖర్చు కూడా రాదు. అయినా మన గేదె పాలు పక్కింటివాడు పితుక్కుంటుంటే లీటరా, గిద్దెడా అని లెక్క చూసుకుంటామా?

నాది శ్రీకాకుళం జిల్లా, నరసన్నపేట దగ్గర పల్లె. పేటలో జిరాక్స్, ఆన్‌లైన్ పనుల షాపు. లాయర్ని కాను. కానీ 14 ఏళ్ళుగా జనాల కాయితాలు తీస్తున్నాను. అడంగల్, 1బి, ఈసీ, ఆధార్‌లో పేరు తప్పులు, అన్నీ నా చేతిమీదుగానే. కాయితం ఉన్నవాడు కౌంటర్ దగ్గర ఎలా నిలబడతాడో, లేనివాడు ఎలా నసుగుతాడో నాకు తెలిసినట్టు ఏ లాయరుకీ తెలీదు.

సంగతి ఇది. మా పెదనాన్న తప్పెటగుళ్ళ బృందానికి పెద్ద. డెబ్భై దాటాయి. ఇప్పటికీ గుండెల మీద రేకు తప్పెట కట్టుకుని, కాళ్ళకి గజ్జెలేసుకుని గెంతాడంటే పాతికేళ్ళ కుర్రాళ్ళకి ఆయాసం వస్తుంది. పోయిన ఏడు అమ్మవారి సంబరానికి 18 మంది ఆడారు. నేను కాలర్ మైకు ఒకటి కొని పెదనాన్న తువ్వాలుకి తగిలించి, ఫోన్‌ని చిన్నాన్న ట్రాక్టర్ బానెట్ మీద నిలబెట్టి మొత్తం తీశాను. 14 నిమిషాల వీడియో. ఒకసారి కుక్క అడ్డం వచ్చింది, ఒకసారి జనరేటర్ ఆగింది, ఐదో నిమిషంలో పెదనాన్న దగ్గాడు. అదేం చిన్న దగ్గు కాదు, చుట్ట తాగే మనిషి దగ్గు. మైకు తువ్వాలుకే ఉంది కదా, ఇయర్‌ఫోన్ పెట్టుకుని వింటే చెవి అదురుతుంది. తీసేద్దామనుకున్నాను. ఎడిటింగ్ రాక ఉంచేశాను.

రాత్రి ఎక్కించాను. తెల్లారేసరికి మెయిల్. ఫలానా ఆడియో కంపెనీ పాట మీ వీడియోలో ఉంది, 4 నిమిషాల 12 సెకన్ల నుంచి 6 నిమిషాల 40 సెకన్ల దాకా అని. ఆ ముక్క పెట్టి చూశాను. పెదనాన్న గంగమ్మ పాట ఎత్తుకున్న చోట మొదలు, కుర్రాళ్ళు ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి గోపురం కట్టిన చోట ఆఖరు. దగ్గు ఆ మధ్యలోనే. అంటే దగ్గు కూడా వాళ్ళదే అన్నమాట.

వాళ్ళ పాట వెతికి విన్నాను. జానపదం డీజే మిక్స్. కింద దబదబా బీటు, పైన ఎవరో ఆడపిల్ల గొంతు, మధ్యలో మా పల్లవి. ‘గంగమ్మ’ని ‘గంగమ్మో’ చేశారు, అంతే మార్పు. సాహిత్యం, సంగీతం అని రెంటికీ ఒకే పేరు. ఆ మనిషి వయసెంతో నాకు తెలీదు గానీ, మా తాత ఈ పాట పాడేనాటికి పుట్టి ఉండడని పందెం.

ఈ క్లెయిములు చాలావరకు వేసేది మనిషి కాదు, యూట్యూబ్ వాడి కంటెంట్ ఐడీ అనే మెషీన్. 2007లో మొదలైంది. హక్కులు మావి అనే పెద్ద కంపెనీలు తమ పాటల ఫైళ్ళు దానికి అప్పజెబుతాయి. అది ఒక్కో పాటకీ వేలిముద్ర లాంటిది తీసి పెట్టుకుని, లోకంలో ఎవరు ఏ వీడియో ఎక్కించినా పోల్చి చూస్తుంది. అదే రికార్డింగ్ అయి ఉండక్కర్లేదు, బాణీ కలిసినా పట్టుకుంటుంది. ఎవరి ఫైలు లోపల ఉంటే వాళ్ళదే పాట. మా పెదనాన్న ఫైలు అందులో ఉండదు, నేను పెడతానన్నా పెట్టనివ్వరు. ఆ సౌకర్యం పెద్ద కేటలాగు ఉన్నవాళ్ళకే.

మా షాపులో రోజూ చూసే బాగోతమే ఇది. ఊళ్ళో గ్రామకంఠం ఉంటుంది. ఒకరు కళ్ళం వేసుకుంటారు, ఒకరు గేదెల్ని కట్టుకుంటారు, పిల్లలు గోళీలాడతారు. ఎవరి పేరునా కాయితం లేదు, ఎవరికీ అవసరం పడలేదు. ఒకరోజు ఎవడో వచ్చి కంచె వేసి, “గేదెని విప్పు, ఇది నాది” అంటాడు. కాయితం చూపిస్తాడు. ఆ కాయితం పుట్టి నెల కూడా కాదు. కానీ ఊరందరి దగ్గరా కలిపి కాయితం సున్నా, వాడి దగ్గర ఒకటి. ఆఫీసులో ఆ ఒకటే చెల్లుతుంది.

మళ్ళీ వీడియోకొస్తాను. యూట్యూబ్ వాడు నాకు దారులు చూపించాడు: ఆ ముక్క కోసెయ్, గొంతు నొక్కెయ్, లేదంటే పాట మార్చెయ్. మూడు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం షాపులో ఎవరూ లేకపోతే, సరదాకి ఆ మార్చెయ్ అన్నది నొక్కాను. ఉచిత సంగీతాల చిట్టా వచ్చింది. ఒక పియానో ముక్క పెట్టి చూశాను. 18 మంది మగాళ్ళు చెమటలు కారుతూ, తప్పెట్లు వాయిస్తూ గాల్లోకి గెంతుతున్నారు. వెనకాల బ్యాంకు ప్రకటనల్లో వచ్చే మెత్తటి పియానో. సరిగ్గా అప్పుడే పెదనాన్న ఆధార్ జిరాక్స్ కావాలని వచ్చాడు. స్క్రీన్ తిప్పి చూపించాను. కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు.

“ఇదేటిరా? నానేనా?”

“నువ్వే పెదనాన్నా. పాట వేరేవాళ్ళదంట. తీసేయమంటన్నారు.”

“ఎవులిదంట?”

కంపెనీ పేరు చెప్పాను. అది మనిషి పేరో ఊరి పేరో ఆయనకి తెలియలేదు. “ఆడు మనూరు ఎప్పుడొచ్చినాడు?” అన్నాడు.

రాలేదని చెప్పి, మెషీన్, వేలిముద్ర అంటూ ఏదో వివరించాను. అంతా విని, “సరే, నా దగ్గు ఒట్టుకుపొమ్మను. పాట ఒగ్గీమను” అని ఆధార్ కార్డు నా చేతిలో పెట్టాడు.

ఆ రాత్రే రాశాను. ఇక్కడే చాలామంది తప్పులో కాలేస్తారు, మీరు జాగ్రత్త. అభ్యంతరం రాసేచోట కారణం ఎంచుకోమంటాడు. పేరు బాగుంది కదా అని ‘ఫెయిర్ యూజ్’ నొక్కకండి. అది నొక్కితే పాట వాళ్ళదేనని ఒప్పుకుని, అందులో కాస్త న్యాయంగా వాడుకున్నానని బతిమాలినట్టు. నేను ‘పబ్లిక్ డొమైన్’ నొక్కాను, అంటే ఈ పాట ఏ ఒక్కరి సొత్తూ కాదు, అందరిదీ అని. ఎందుకో చెప్తాను.

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. రాసినవాడు బతికినన్నాళ్ళు, పోయాక ఇంకో 60 ఏళ్ళు హక్కు. మొదట్లో 50 ఏళ్ళే. 1941లో పోయిన ఠాగూర్ రచనలకి ఆ గడువు తీరిపోతోందని 1992లో పదేళ్ళు పెంచారు. మన విజయనగరం గురజాడ పోయింది 1915లో, ఆదిభట్ల నారాయణదాసు 1945లో. ఇద్దరి రచనలూ ఇప్పుడు ఊరందరివీ. విజయనగరంలో బడిపిల్లాడు గురజాడ గేయం పాడి పెడితే ఆపే హక్కు ఏ కంపెనీకీ లేదు. కానీ అదే గేయాన్ని ఒక కంపెనీ స్టూడియోలో పాడిస్తే, ఆ రికార్డింగ్ మీద దానికి 60 ఏళ్ళ హక్కు ఉంటుంది. పాట వేరు, రికార్డింగ్ వేరు. మెషీన్‌కి ఈ తేడా తలకెక్కదు. మనుషుల్లోనే సగం మందికి ఎక్కదనుకోండి.

మా గంగమ్మ పాటకి రాసినవాడే తెలీదు. జానపదానికని చట్టంలో విడిగా ఒక్క సెక్షనూ లేదు, అందుకే దొరికినవాడు దొరికినట్టు దున్నేస్తున్నాడు. అయితే తవ్వగా తవ్వగా ఒకటి తగిలింది. పాడేవాళ్ళకీ ఆడేవాళ్ళకీ ప్రదర్శకుల హక్కు అని ఒకటుంది, 50 ఏళ్ళు. ప్రదర్శకుడంటే ఎవరని చట్టం ఇచ్చిన జాబితాలో గాయకుడు, నర్తకుడితోపాటు గారడీవాడు, పాములాడించేవాడు కూడా ఉన్నారు! 2012 సవరణ తర్వాత, తన ప్రదర్శనకి తన పేరు వెయ్యమని అడిగే హక్కూ వచ్చింది. పాములవాడికున్నది పెదనాన్నకి లేకుండా పోతుందా? ఇది చెప్తే ఆయన డబ్బు ఊసే ఎత్తలేదు. “పేరేస్తారేటి?” అన్నాడు. వేస్తారంటే, మా తాత పేరు ముందు వేయించమన్నాడు.

హక్కులంటే పెళ్ళి వీడియోల సంగతి గుర్తొచ్చి ఒళ్ళు మండుతోంది, అది కూడా చెప్పేస్తాను. మా అప్ప కూతురి పెళ్ళికి ఒక స్టూడియోవాళ్ళు తీశారు. డబ్బంతా ముందే తీసుకున్నారు. నెల తర్వాత చూస్తే మా పిల్ల అప్పగింతల ఏడుపు వాళ్ళ ఛానెల్లో, పైన స్టూడియో పేరుతో. తియ్యండయ్యా అంటే “మేం తీశాం కదండీ, వీడియో మాది” అన్నాడు. పైగా ఎడిట్ చెయ్యని ఫుటేజీ మొత్తం కావాలంటే ఇంకో ఐదు వేలు. చట్టం దీనికి పూర్తిగా ఎదురు. సెక్షన్ 17 ప్రకారం, డబ్బిచ్చి ఫొటోగానీ వీడియోగానీ తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు దానికి మొదటి హక్కుదారు డబ్బిచ్చినవాడే. బిల్లు వెనక చిన్న అక్షరాల్లో వేరే ఏదైనా రాసుందేమో చూసుకోండి, మాకు లేదు. ఆ సెక్షన్ ప్రింటు తీసి, లామినేషన్ చేసి పట్టుకెళ్ళాను. మారుమాట లేకుండా వీడియో తీసేశాడు. లామినేషన్ చేసిన కాయితానికి మావైపు ఉన్న విలువ ఢిల్లీవాళ్ళకి తెలీదు.

పెళ్ళి ఊరేగింపులో డీజే పెడితే పాటలకి డబ్బు కట్టమని అడిగేవాళ్ళూ ఉన్నారు. అక్కర్లేదు. సెక్షన్ 52లో మతపరమైన వేడుకలకి మినహాయింపు ఉంది, అందులోకి పెళ్ళి ఊరేగింపు కూడా వస్తుందని అక్కడే రాసుంది. 2023 జులైలో కేంద్రం దీని మీద నోటీసు కూడా ఇచ్చింది. కానీ ఆ ఊరేగింపు వీడియో నెట్‌లో పెట్టారా, ఆ మినహాయింపు మీ వెంట రాదు.

ఇంత చెప్తున్నాను గానీ నేనేమీ సత్యహరిశ్చంద్రుణ్ణి కాను. షాపు పెట్టిన కొత్తలో మెమరీ కార్డుల్లో సినిమా పాటలు ఎక్కించి 4 జీబీకి 40 రూపాయలు తీసుకున్నాను. ఆ పాటల్లోనూ ఎవరి దగ్గులు ఉన్నాయో అప్పుడు తట్టలేదు. పాలిటెక్నిక్ పిల్లలకి పుస్తకాలు జిరాక్స్ తీసినందుకు మాత్రం సిగ్గుపడను. ఢిల్లీ యూనివర్సిటీలో ఒక జిరాక్స్ షాపు మీద విదేశీ ప్రచురణ సంస్థలు కేసు వేస్తే, చదువు కోసం తీసే కాపీలు తప్పు కాదని 2016లో ఢిల్లీ హైకోర్టు తేల్చింది. ఆ తీర్పు క్లాసులో చెప్పే పాఠాల పేజీల గురించి, పుస్తకాలకి పుస్తకాలు తీసెయ్యమని కాదని ఒక లెక్చరర్ గారు నాతో వాదించారు. ఆయన కూడా నా దగ్గర తీయించుకున్నవారే.

ఇక మీకు కావలసింది. అభ్యంతరం రాశాక క్లెయిమ్ వేసినవాడికి 30 రోజుల గడువు. పలక్కపోతే క్లెయిమ్ దానంతటదే పోతుంది. “కాదు, మాదే” అంటే మీరు అప్పీలు చెయ్యొచ్చు, దానికి వాడికి 7 రోజులే. అసలు భయపడాల్సింది ఆ తర్వాత. వాడు చట్టప్రకారం వీడియో తీయించేస్తే మీ ఛానెల్ మీద స్ట్రైక్, అంటే తప్పు చేసినట్టు ఒక గుర్తు, పడుతుంది. 90 రోజుల్లో మూడు పడితే ఛానెల్ పోతుంది. క్లెయిమ్ వేరు, స్ట్రైక్ వేరు అని తెలియక మొదటి మెయిల్‌కే వణికిపోయి వీడియో చెరిపేసినవాళ్ళని నా షాపులోనే చూశాను. పోలీసులొస్తారా అని అడిగాడొకడు.

నా విషయంలో 30 రోజులూ ఎవరూ పలకలేదు, క్లెయిమ్ పోయింది. సంబరంగా పెదనాన్నకి ఫోన్ చేస్తే “ఏ కిలేమురా?” అన్నాడు. రెండు నెలలు తిరక్కుండా ఇంకో కంపెనీ వచ్చింది, ఈసారి 9వ నిమిషం దగ్గర వేరే పాట మీద. మళ్ళీ రాశాను. ఇంకా 11 రోజులు ఉన్నాయి.

ఈలోగా ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఇప్పుడు ఎక్కడ ఆడినా ముందు ఊరి పేరు, తేదీ, పాట నేర్పిన మా తాత పేరు, 18 మంది పేర్లూ పెదనాన్న మైకులో చెప్పాకే తప్పెట మీద చెయ్యి పడుతుంది. మీరూ అలాగే చెప్పించండి. అసలు ఫైలు మాత్రం చెరపొద్దు, వాట్సాప్‌లో తిరిగి వచ్చింది కాదు, మొదట ఫోన్‌లో పడ్డదే దాచుకోండి. మాకు పేర్లకే రెండు నిమిషాలు పడుతోంది. కింద కామెంట్లలో “పాట ఎక్కడ మొదలవుద్ది బ్రో” అని అడుగుతున్నారు. 2 నిమిషాల 10 సెకన్ల దగ్గర అని నేనే రాసి పెడుతున్నాను. ఆ కామెంట్లు పెదనాన్నకి చూపించలేదు.