ఊరి నడిమధ్యన కోర్టు

ప్రశ్న: డాలస్‌లో మా అమ్మాయి దగ్గరికి వచ్చాను. మొన్న అల్లుడుగారు వాక్సహాచీ అనే ఊరు చూపించారు. నడిమధ్యన ఎర్రరాతి కోటలాంటి కట్టడం, తీరా అది కోర్టట! చుట్టూ పాత కొట్లు. దాన్ని హిస్టారిక్ డిస్ట్రిక్ట్ అంటారన్నారు. అంటే జిల్లానా? అంత చిన్న ఊరికి అంత పెద్ద కోర్టు దేనికండీ?

జవాబు: తికమకంతా ఆ మాటతోనే. మన జిల్లాలాంటిదాన్ని అక్కడ కౌంటీ అంటారు, వాక్సహాచీ ఎల్లిస్ కౌంటీకి కేంద్రం. హిస్టారిక్ డిస్ట్రిక్ట్ అంటే కోర్టునీ చుట్టూ ఉన్న కట్టడాల్నీ కలిపి ఒక్కటిగా చూసి చారిత్రక స్థలాల జాతీయ జాబితాలో చేర్చడం. ఇక్కడ 1975లో చేర్చారు. మన దగ్గర గుడి చుట్టూ మాడవీధులు, వాటిలో అంగళ్లు ఉన్నట్టే, అక్కడ కోర్టు చుట్టూ ఊరు పెరిగింది. కౌంటీ ఆఫీసులు కూడా ఆ కోర్టు భవనంలోనే ఉండేవి, కాబట్టి పొలం రిజిస్ట్రేషన్‌కైనా, పెళ్లి లైసెన్సుకైనా, పన్ను కట్టడానికైనా రైతు అక్కడికే రావాల్సి వచ్చేది, వచ్చినవాడు సరుకులు కొనుక్కోకుండా పోతాడా?

ఇక సైజు సంగతి. అది పత్తి పండే నేల, చేతిలో డబ్బు ఆడేది, పక్క కౌంటీకి తీసిపోకూడదన్న పంతం కూడా ఉండేది (ఇది మనకి కొత్తేం కాదు లెండి). 1895లో మొదలుపెట్టి 1897కి పూర్తి చేశారు. ఆర్కిటెక్ట్ జేమ్స్ రైలీ గోర్డన్. నాకు మాత్రం ఆ గులాబీ గ్రానైట్ కన్నా ఆయన ప్లానే నచ్చుతుంది: ఏసీలు లేని రోజులు, టెక్సస్ ఎండ, అందుకని గుమ్మాలు మూలల్లో నీడ వసారాలతో పెట్టి, వేడిగాలి నడిమి టవర్‌లోంచి పైకి పోయేలా కట్టాడు.

ప్రశ్న: స్తంభాల మీద వికారమైన మొహాలున్నాయి. శిల్పి ఓ అమ్మాయిని ప్రేమించి, ఆమె కాదనేసరికి కోపంతో అలా చెక్కాడట. నిజమేనా?

జవాబు: కథ బాగుంది, చరిత్రకారులే ఒప్పుకోరు! ఆ కోర్టు కట్టింది రోమనెస్క్ అనే పాత యూరప్ పద్ధతిలో, ఆ శైలిలో వింత మొహాలు చెక్కడం మామూలే. అయినా ఆ కథ చెప్పకుండా ఎవరూ ఆ ఊరు చూపించరు.

ప్రశ్న: పాత కొట్టు సొంతదారు పడగొట్టాలనుకుంటే ఆపుతారా?

జవాబు: సొంత డబ్బుతో పడగొడితే జాతీయ జాబితా ఒక్కటే అడ్డుపడదు, ఆపాలంటే ఊరి మున్సిపల్ రూల్స్ ఉండాలి. బాగుచేస్తేనే లాభం: అద్దెకో వ్యాపారానికో వాడే పాత కట్టడమైతే, మరమ్మతు ఖర్చులో 20 శాతం కేంద్ర పన్నులో తగ్గిస్తారు, షరతులున్నాయనుకోండి. కోర్టు భవనాల లెక్క వేరు. టెక్సస్‌లో 254 కౌంటీలున్నాయి, పాత కోర్టుల మరమ్మతుకి రాష్ట్రమే 1999 నుంచి గ్రాంట్లు ఇస్తోంది.

ఇంకా ఓపికుంటే ఈసారి డికేటర్‌కి తీసుకెళ్లమనండి. అక్కడి వైజ్ కౌంటీ కోర్టూ గోర్డన్ కట్టిందే, రెండూ అక్కచెల్లెళ్లలా ఉంటాయి.