రాని ఫీజు, ఆపకూడని కట్ట

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

నీ పాత పార్టీ, అంటే నువ్వు కేసు నడిపిన కక్షిదారు, ఎగవేసిన ఫీజు కోసం నువ్వు దావా వేయబోతున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. ఫీజు కోసం కోర్టుకెక్కడం పరువుతక్కువని మా తరం ప్లీడర్లం అనుకునేవాళ్ళం కనుక నీ తెగువకు సంతోషించాను. ఆ వెంటనే, అతని కేసు కట్ట ఇంకా నీ బీరువాలోనే ఉందేమోనని భయం పట్టుకుంది.

దావా వేసే హక్కు 1926 నాటి లీగల్ ప్రాక్టీషనర్స్ ఫీజుల చట్టంతోనే వచ్చింది. ముందు లెక్క చూపి నోటీసు ఇవ్వు. గడువు మూడేళ్ళు, ఆలోగా బాకీ ఒప్పుకుంటూ అతను సంతకంతో రాసిచ్చిన కాగితం ఉంటే, ఆ తేదీ నుంచి గడువు మళ్ళీ మొదలవుతుంది. అయితే వచ్చే పరిహారంలో ఇంత శాతం ఫీజని మాట్లాడుకొని ఉంటే మాత్రం నోరెత్తకు. అలాంటి వాటా కింద తీసుకున్న చెక్కు చెల్లలేదని తెలంగాణలో ఒక ప్లీడరు పెట్టిన కేసును 2017లో సుప్రీంకోర్టు కొట్టేసింది.

ఇక నా తప్పు. 1987లో అన్నదమ్ముల పంపకాల దావాలో ఒక రైతు నాకు పద్దెనిమిది వందలు బాకీపడి, వేరే ప్లీడరును పెట్టుకుంటానన్నాడు. బాకీ తీర్చితేనే కట్ట ఇస్తానని గుమాస్తా చేత చెప్పించాను. ఎదురుగా చెప్పే ధైర్యం కూడా లేకపోయింది. అసలు దస్తావేజు అందులోనే ఉంది. రెండు వాయిదాలు వృథాగా పోయాక, అతను భార్య గొలుసు కుదువపెట్టి సొమ్ము తెచ్చాడు. నేను నోట్లు లెక్కపెట్టుకొని రసీదు రాసిచ్చాను. ఆ రోజు నాకేమీ అనిపించలేదమ్మా. ఫీజు రాలేదని కట్టను ఆపే హక్కు ప్లీడరుకు లేదనీ, అలా ఆపడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అనీ 2000లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చదువుతుంటే, పదమూడేళ్ళ తర్వాత, ఆ గొలుసు గుర్తుకొచ్చింది.

కనుక నకళ్ళు తీసుకొని కట్ట రేపే అప్పగించు. ఏయే కాగితాలిచ్చావో రాసి సంతకం చేయించుకో. కొత్త ప్లీడరు నో అబ్జెక్షన్, అంటే కేసు తను చేపట్టడానికి నీకు అభ్యంతరం లేదన్న సంతకం, అడిగితే మెలిక పెట్టకు.

మూడు నెలలుగా ఆఫీసు అద్దెకు ఇబ్బందిపడుతున్నావట. ఆ సంగతి నాకెందుకు చెప్పలేదు? కోర్టు ఫీజు నేను కడతాను. దావా చిత్తుప్రతి ముందు నాకు పంపు. కళ్ళద్దాలు మార్చుకున్నాను, చదవగలను.

మీ పెదనాన్న