వెర్దిక్కియో చివర్లో చేదు తగిలితే సీసా పాడైనట్టేనా?

మీ తమ్ముడు ఇటలీ నుంచి తెచ్చిన రెండు వెర్దిక్కియో వైట్ వైన్ సీసాల్లో ఒకటి ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే తాగితే మొదట పుల్లగా, మింగాక చేదుగా ఉందనీ, పాడైపోయిందేమో పారబోయాలా అనీ అడిగారు. దయచేసి పారబోయకండి. ఆ చేదు వెర్దిక్కియో ద్రాక్షకు పుట్టుకతో వచ్చింది. బాదంపప్పులు తింటుంటే ఎప్పుడో ఒకటి చేదుది తగులుతుంది కదా, దాదాపు ఆ రుచే. నాకైతే అది లేని వెర్దిక్కియో తాగితే ఏదో వెలితిగా ఉంటుంది.

నిజంగా పాడైన వైన్‌ను చాలావరకు ముక్కే పట్టేస్తుంది. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే అది కార్క్ వల్ల వచ్చిన దోషం. వెనిగర్ ఘాటు కొట్టినా, రంగు గోధుమ వైపు తిరిగి కోసి వదిలేసిన యాపిల్ వాసన వచ్చినా చెడిపోయిందనుకోవచ్చు. మీరేమో లేత పసుపు, అంచున కాస్త ఆకుపచ్చ ఛాయ అని రాశారు. వయసు తక్కువ ఉన్న వెర్దిక్కియో అలాగే ఉంటుంది.

నా అనుమానమంతా చల్లదనం మీదే. ఫ్రిజ్ లోపల నాలుగైదు డిగ్రీలుంటుంది. అంత చల్లగా ఉన్నప్పుడు వాసనలు పైకి రావు, నాలుకకు పులుపూ చేదే తెలుస్తాయి. దీనికి 10 నుంచి 12 డిగ్రీలు సరిపోతుంది. నేనుండే ఇటలీ నగరం బొలోన్యాలో చలికాలం అరగంట ముందే తీసి బల్ల మీద పెడతాను. మన ఎండాకాలంలో అయితే పది, పదిహేను నిమిషాలు చాలు. గ్లాసులో మూడో వంతే పోయండి, పైన ఖాళీ ఉంటేనే వాసన నిలుస్తుంది. అప్పుడు నిమ్మతొక్క, పచ్చి యాపిల్, వెనకాల సన్నగా సోంపు లాంటి వాసన దొరుకుతాయి.

ఇక తిండి సంగతి. దీన్ని ఒట్టిగా తాగి తీర్పు చెప్పడం అన్యాయం. ఇది మార్కే అనే ప్రాంతానిది. అంకోనా రేవుకు దగ్గర్లో, యేసి పట్టణం చుట్టూ ఉన్న కొండల మీద ఈ తోటలుంటాయి. అడ్రియాటిక్ సముద్రం పక్కనే కాబట్టి అక్కడ చేపలతో తాగడం అలవాటు. మా ఇంట్లో బాగా కుదిరింది కూడా చేపల వేపుడుతోనే. కారం తగ్గించి ఉప్పు, పసుపు, మిరియాల పొడి పట్టించి, దించాక నిమ్మకాయ పిండుతాం. ఒక ముక్క తిని గుక్క తాగితే వైన్ పులుపు సగం తగ్గినట్టుంటుంది. తిండిలో ఉప్పు, పులుపు ఉంటే వైన్ మెత్తబడుతుంది, అంతే కారణం. శాకాహారులైతే నిమ్మకాయ పులిహోరతో ప్రయత్నించండి, నాకు అదీ చాలా ఇష్టం. ఎర్రగా చేసిన చేపల పులుసుతో మాత్రం వద్దు. ఆల్కహాల్ కారం మంటను పెంచుతుంది, వైన్ రుచి ఎక్కడో కొట్టుకుపోతుంది. మెంతికూర, కాకరకాయ ఉన్న పూట కూడా తెరవకండి, చేదు మీద చేదు.

మిగిలిన దానికి కార్క్ పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే రెండు మూడు రోజులు బాగానే ఉంటుంది. రెండో రోజు కాస్త నెమ్మదించి, నాకు ఇంకా నచ్చుతుంది.

లేబుల్ మీద మతేలికా అని ఉంటే అది సముద్రానికి దూరంగా, కొండల మధ్య లోయలో పండింది. అక్కడ రాత్రుళ్లు బాగా చల్లబడతాయి కాబట్టి పులుపు ఇంకా పదునుగా ఉంటుంది. ఆ పేరుకు 1967లో, యేసి వాటికి 1968లో డీఓసీ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతపు వైన్ అని ఇటలీలో చట్టపరంగా ఇచ్చే హోదా వచ్చింది. సన్నని నడుముతో పాతకాలపు జాడీలా ఉండే ఆకుపచ్చ సీసా కూడా ఎక్కడైనా కనబడవచ్చు. ఫాత్సీ బత్తాలియా అనే సంస్థ కోసం 1953లో చేయించిన ఆకారం అది. ఈ వైన్ ప్రపంచానికి తెలిసింది ఆ సీసా వల్లే. కానీ జనం సీసాను గుర్తుపెట్టుకుని లోపలి వైన్‌ను చవకరకంగా లెక్కగట్టడం నాకు బాధగా ఉంటుంది, ఇటలీలో ఏళ్లు గడిచేకొద్దీ ఇంత బాగా మాగే వైట్ వైన్లు తక్కువ.

అందుకే మీ రెండో సీసా మీద రిజెర్వా అని ఉందన్నారు కాబట్టి తొందరపడకండి. రిజెర్వా అంటే ఎక్కువకాలం మాగించిన రకం. దానికి 2010లో డీఓసీజీ అనే పై హోదా ఇచ్చారు, కనీసం 18 నెలలు మాగాకే అమ్మాలి. ఇంకొన్నేళ్లు ఆగితే తేనె, బాదం వాసనలు వస్తాయి. కానీ మన వేడికి అటక మీదో, బీరువాలోనో పెడితే ఒక్క వేసవిలో చెడిపోతుంది. వైన్ కూలర్ లేకపోతే ఫ్రిజ్‌లో కింది అరలో పడుకోబెట్టి, కొన్ని నెలల్లోపే తెరిచేయండి.