సర్ డాంటోస్ సాన్సాను కాపాడింది కృతజ్ఞతతోనా, డబ్బు కోసమా?

‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ సీరియల్‌లో విదూషకుడు డాంటోస్, రాజు జాఫ్రీ చెరలో ఉన్న స్టార్క్ వంశపు అమ్మాయి సాన్సాకు హారం ఇచ్చాడనీ, దానికి ఆధారమైన ‘ఎ క్లాష్ ఆఫ్ కింగ్స్’ (1998) నవలలో మాత్రం జుట్టుకు కట్టుకునే రాళ్ల వల ఇచ్చాడనీ, అతడి ఉద్దేశం అంతుపట్టడం లేదనీ మీరు రాశారు. హారం సీరియల్‌కు చేసిన మార్పు మాత్రమే. అతడి మనసు తెలియాలంటే నవలనే అనుసరించండి.

తాగి పోటీకి వచ్చినందుకు జాఫ్రీ మరణశిక్ష వేసినప్పుడు, రాజు జన్మదినాన ఒకరిని చంపడం అశుభమని సాన్సా అడ్డుపడటం వల్లనే డాంటోస్ విదూషకుడిగానైనా బ్రతికాడు. అంతకుముందు, డస్కెండేల్ తిరుగుబాటు తర్వాత అప్పటి రాజు ఏరిస్ డాంటోస్ పుట్టిన హోలార్డ్ వంశాన్ని తుడిచిపెట్టినప్పుడు కూడా రాజు అంగరక్షకుడు సర్ బారిస్టన్ వేడుకోలు వల్లనే, బాలుడిగా ఉన్న అతడి ప్రాణం దక్కింది. ఇలా రెండుసార్లు ఇతరుల దయతో బ్రతికిన మనిషికి సాన్సా పట్ల కృతజ్ఞత నటన అయి ఉండదని నేను గట్టిగా నమ్ముతాను.

అయితే సాన్సాను కోట దాటించే పథకం అతడిది కాదు, రాజసభలోని కుతంత్రి పీటర్ బేలిష్‌ది. ‘ఎ స్టార్మ్ ఆఫ్ స్వోర్డ్స్’ (2000)లో, డాంటోస్‌కు పదివేల డ్రాగన్లు (బంగారు నాణేలు) ఇస్తానని మాట ఇచ్చిన సంగతి ఓడ మీద సాన్సా వింటుండగానే పీటర్ నోట వస్తుంది, ఆ వెంటనే అతడు డాంటోస్‌ను బాణాలతో చంపిస్తాడు. వల ఇచ్చేటప్పుడు అది న్యాయమనీ, ఆమె తండ్రి తరఫున ప్రతీకారమనీ డాంటోస్ చెప్పిన మాటలను మళ్లీ చదవండి. ఆ వలలోని విషపు రాయితో జాఫ్రీ హత్య జరగబోతోందని అతడికి కొంతైనా తెలుసునని అక్కడే అర్థమవుతుంది. కాబట్టి మీ ప్రశ్నకు నా సమాధానం, రెండూ నిజమే.