డీజిల్ పంపు ఊడదీయాలంటే ఏ పుల్లర్ కొనాలి?

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లా. ఇంట్లో మూడు సిలిండర్ల పాత ట్రాక్టర్ ఉంది. ఇంజిన్‌లోకి డీజిల్ కొట్టే పంపు షాఫ్టు సీలు పోయి డీజిల్ వెళ్లి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తోంది, గేజీ పుల్ల తీసి చూస్తే మట్టం పెరుగుతోంది. పంపు విప్పి టెస్టింగ్‌కి ఇద్దామని బోల్టులు, పంపును తిప్పే గేరు మీది నట్టు తీశాం. అయినా పంపు కదలడం లేదు. గేరును లాగి ఊడదీసే పనిముట్టు, పుల్లర్ కావాలన్నారు. షాపులో అడిగితే ‘ఏ పుల్లర్?’ అని మమ్మల్నే ఎదురు అడుగుతున్నారు. నాన్నేమో రెండు సుత్తి దెబ్బలు వేస్తే అదే వస్తుందంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ సుత్తి పక్కన పెట్టించండి. పంపు ఎందుకు రావడం లేదో తెలిస్తే నాన్నగారే ఆగిపోతారు. షాఫ్టు చివర వాలుగా చెక్కి ఉంటుంది, గేరు రంధ్రమూ అదే వాలుతో ఉంటుంది. నట్టు బిగించేకొద్దీ గేరు ఆ వాలు మీద కరుచుకుంటుంది, ఇన్నేళ్లు తిరిగాక నట్టు తీసినంత మాత్రాన ఆ పట్టు వదలదు. సుత్తితో కొడితే ఆ దెబ్బ షాఫ్టు చివరి మరల మీదా, పంపు లోపలి బేరింగుల మీదా పడుతుంది. స్క్రూడ్రైవర్‌తో గేరు వెనక నుంచి తన్నితే టైమింగ్ కేసు, అంటే ఇంజిన్ ముందు గేర్లుండే పెట్టె, పగలొచ్చు. మా షెడ్డులో ఒక కుర్రాడు తొందరపడి అలాగే చేశాడు, సీలు మార్చుకుందామని వచ్చిన రైతు టైమింగ్ కేసు కూడా కొనుక్కోవాల్సి వచ్చింది. ఆ రోజు ఆయన ముఖం నాకు ఇంకా గుర్తుంది.

ఏ పుల్లరో షాపువాడు చెప్పలేడు, మీ గేరే చెబుతుంది. టైమింగ్ కేసు ముందున్న మూత మీరు తీసే ఉంటారు కాబట్టి టార్చి వేసి గేరు ముఖం చూడండి. నట్టుకు అటూ ఇటూ మరలున్న రెండు రంధ్రాలు కనిపిస్తే అవి పుల్లర్ కోసం పెట్టినవే. పాత బోల్టుల డబ్బా తెచ్చుకుని ఏ బోల్టు వేళ్లతో తిప్పితేనే సాఫీగా లోపలికి దిగుతుందో చూసుకోండి, చాలా గేర్లకు 8 మిల్లీమీటర్లది సరిపోతుంది. రెండు రంధ్రాల మధ్య దూరం కొలుచుకుని లేత్ షాపుకి వెళ్లి 12 మిల్లీమీటర్ల మందం ఇనుప పట్టీకి అదే దూరంలో రెండు రంధ్రాలు, సరిగ్గా నడుమ ఒక మర రంధ్రం వేయించి అందులోకి పొడవాటి గట్టి బోల్టు ఎక్కించండి. అదే మీ పుల్లర్. బజారులో దొరికే మూడు కాళ్ల పుల్లర్ మాత్రం వద్దు, అది గేరు పళ్లను పట్టుకుని లాగుతుంది, పళ్లు పెచ్చులూడతాయి.

లాగే ముందు షాఫ్టు నట్టు మళ్లీ నాలుగు మరలు ఎక్కించి వదులుగా ఉంచండి, అప్పుడు పట్టు వదలగానే గేరు ఎగిరి పడదు. నడుమ బోల్టును మెల్లగా బిగించుకుంటూ పోతే ‘టక్’ మని శబ్దం వస్తుంది. అంతే, పట్టు వదిలినట్టే. నట్టు పూర్తిగా తీసేటప్పుడు కింద గుడ్డ దోపండి, నట్టు గానీ షాఫ్టు గాడిలోని చిన్న కీ గానీ టైమింగ్ కేసులో పడితే ఇంజిన్ ముందు భాగమంతా విప్పాలి. గేరు మీద ఆ రెండు రంధ్రాలు లేకుండా హబ్బుకు (షాఫ్టు మీది నడిమి దిమ్మకు) మూడు చిన్న బోల్టులతో బిగించి ఉన్న ఇంజిన్లూ ఉన్నాయి. వాటికి ఆ మూడూ తీస్తే చాలు, నడుమ నట్టు ముట్టుకోకూడదు.

బోల్టులు తీశామన్నారు, పంపు ఉన్న చోటికి గుర్తుగా గీత పెట్టుకున్నారో లేదో రాయలేదు. పంపు ఫ్లాంజ్ (ఇంజిన్‌కి బిగించే అంచు) రంధ్రాలు పొడవుగా ఉంటాయి, పంపు ఏ కాస్త తిరిగినా డీజిల్ పడే టైమింగ్ మారుతుంది. వాషర్లు కూర్చున్న చోట రంగు తేడాగా అచ్చు పడి ఉంటుంది, దాన్నిబట్టి పంపును పాత చోటికి తిప్పి ఫ్లాంజ్ మీదా ఇంజిన్ మీదా కలిసేలా ఉలితో ఒక గీత పెట్టండి. గేరు పళ్ల మీద కూడా పెయింట్ చుక్క పెట్టండి. పంపు తిరిగి బిగించేదాకా ఇంజిన్ తిప్పొద్దు.

డెలివరీ పైపుల నట్లకు 17 లేదా 19 స్పానర్ పడుతుంది. ఒక స్పానర్‌తో పైపు నట్టు తిప్పుతూ రెండోదానితో కింది హోల్డర్‌ను కదలకుండా పట్టుకోండి. విప్పిన ప్రతి మూతికీ వెంటనే శుభ్రమైన ప్లాస్టిక్ మూత పెట్టండి, లోపల డీజిల్‌ను నెట్టే ప్లంజరుకీ అది ఆడే బ్యారెల్‌కీ మధ్య సందు రెండు మూడు మైక్రాన్లే (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్), చిటికెడు దుమ్ము పోయినా గీసుకుపోతుంది. టెస్టింగ్‌కి ఇచ్చేటప్పుడు పంపుకి అంటించి ఉన్న పేరు పట్టీ మీది నంబరు రాసుకుని వెళ్లండి. ‘మైకో పంపు’ అంటే చాలదు. అది బాష్ వారి భారత కంపెనీకి పాత పేరు, 2008లో మారింది, మన మెకానిక్‌ల నోట ఇంకా అదే ఉంది. పట్టీ మీద పీ.ఈ.ఎస్. తర్వాత 3 ఉంటే మూడు సిలిండర్ల వరుస పంపు అని.

ఇంకొకటి, ఆయిల్ పలచబడిన ఇంజిన్ నడిపితే బేరింగులు పోతాయి. పంపు బాగయ్యాక ఆయిలూ ఫిల్టరూ మార్చాకే స్టార్ట్ చేయండి.

ప్రశ్న: పంపు బిగించాక స్టార్ట్ కావడం లేదు. సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్ దగ్గర డీజిల్ వస్తోందో లేదో చెయ్యి పెట్టి చూడొచ్చా?

జవాబు: వద్దు, ఎప్పుడూ వద్దు. ఆ పిచికారీ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది, పైకి సూది పోటులా కనిపించినా లోపల కండ కుళ్లి వేలు తీసేయాల్సి రావచ్చు. ఎవరికైనా అలా జరిగితే నొప్పి లేకపోయినా అప్పటికప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లి డీజిల్ లోపలికి పోయిందని డాక్టరుకి చెప్పాలి. మీది బహుశా ఎయిర్ పట్టి ఉంటుంది, అంటే డీజిల్ దారిలో గాలి చేరి ఉంటుంది. డీజిల్ ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగేదాకా ఇంజిన్ మీది హ్యాండ్ పంపు కొట్టి బిగించండి, డీజిల్ పంపు మీది స్క్రూ దగ్గరా అలాగే. తర్వాత నాజిల్ వైపు పైపు నట్లు ఒక చుట్టు వదులు చేసి, ముఖం దూరంగా పెట్టి సెల్ఫ్ కొట్టండి. డీజిల్ చెమ్మ కనిపించగానే బిగించేయండి.